కుడిచేతి తొడుగు

ఏడాదికి ఒక్క తొడుగు కుడతాను దేవుడికి.
కుడిచేతికి.
ఆయనకు లేనిది అదే.

హ్రిమ్‌వాడ మీద రెండు చందమామలు.
పెద్దదాన్ని తోడేలు ఇంకా అందుకోలేదు,
చిన్నదాన్ని అంచున కొరికి వదిలేసింది.
ఆ పంటిగాటు చూసే మేం నెలలు లెక్కపెడతాం,
ఉప్పుగని కూలీ లెక్కపెడతాం.

సుత్తి దేవర గుడి కొండకొమ్మున, పిడుగులు పడేచోట.
ఒంటికన్ను ముసలాయనకు
బావిలో చేపకళ్ళు పోసి మొక్కుతారు.
మా తోలుపని వీధికి మాత్రం త్యూర్ ఒక్కడే.
అమ్మమ్మ సిగ్నీ, పళ్ళమధ్య సూది పెట్టుకునే చెప్పేది:
పట్టుదారమంత మెత్తని గొలుసు తెచ్చి
ఆటకేలే, ఊరికే ఆటకే అన్నారట దేవుళ్ళు.
తోడేలు నమ్మలేదు.
ఎవరైనా నా నోట్లో చెయ్యి పెట్టండి, అప్పుడు చూద్దాం అంది.
"అందరూ కలిసి దానికి చెయ్యిచ్చారే పిల్లా,
నిజంగా చెయ్యి ఇచ్చింది మాత్రం ఒక్కడు."

నలభై రోజుల చీకటి మొదలయ్యే రాత్రి
సంత నడుమ రాతి తోడేలు నోట్లో తొడుగు పెడతాం.
తెల్లారేసరికి ఉండదు.
తెల్లారదనుకోండి, గంట కొట్టేసరికి.
దేవుడు తొడుక్కున్నాడని ఊరంతా పులిసిన పాలు తాగుతుంది.

పద్నాలుగేళ్ళు నేనూ తాగాను.

ఆ ఏడు ఉప్పుమర దగ్గర, నిప్పుల పక్కన హాల్వర్ కనిపించాడు.
ఎడంచెయ్యి మరలో పోయినవాడు.
కుడిచేతికి నా కుట్టు.
బొటనవేలి మొదట్లో దారం రెండుసార్లు అడ్డంగా తిప్పుతాను,
ఈ ఊళ్ళో ఇంకెవరూ తిప్పరు.
అతను నన్ను చూశాడు.
నేను ఉప్పు ధర అడిగాను.

అడిగి, కొలిచి పొయ్యమని, ఆ చేతినే చూస్తూ నిలబడ్డాను.
బొటనవేలు పొడుగు. చూపుడువేలు సగమే.
అరచెయ్యి నేనెన్నడూ దేవుడికి ఊహించనంత వెడల్పు.

మరుసటేడు పూజారిణి రాగ్న్‌ఫ్రిద్
తొడుగును దీపానికి అడ్డంపెట్టి చూసింది.
"దేవుడి వేలు పొట్టిదెందుకైంది?"
నాకు జవాబు తోచలేదు.
ఎవరి కొలతకు కుట్టావో తోడేలు నోట్లో చెయ్యి పెట్టి చెప్పమంది.

నోట్లో వేలు పెడితే కొరకలేని రకం కాదది.
మా తాతల నాటి కథంతా ఆ కొరుకుడే.
కుట్టే చేతినే పెట్టాను మణికట్టు దాకా.
లోపల బయటికంటే వెచ్చగా ఉంది, ఎందుకో.
ఎన్ని తొడుగులు మింగిందో ఆ రాయి,
నా చేతికి తోలువాసన తగిలినట్టే అనిపించింది.

"దేవుడి కొలతే" అన్నాను.

సంతంతా ఊపిరి బిగబట్టింది.
ఎక్కడో ఓ పిల్లాడు తుమ్మాడు.
రాతిపళ్ళు కదల్లేదు.

బయటికి తీశాక వేళ్ళు లెక్కపెట్టుకున్నాను. అయిదు.
ఇంటికొచ్చి తలుపేసుకుని మళ్ళీ లెక్కపెట్టుకున్నాను.

ఈసారి చలి ముందే దిగింది.
లోపల ఉన్ని రెండు పొరలు వేస్తున్నాను,
సగం వేలి దగ్గర మూడు.