ఆరేదాకా

డబ్బా మూత తీస్తే ముందు వాసన వస్తుంది,
సూది దిగబోయే ముందు
జబ్బ మీద తగిలే చల్లదనపు వాసన.
మిల్డూరాలో, నదికి రెండు వీధుల ఇవతల,
ఇరవై రెండు మంచాల వృద్ధుల హోములో
రోజుకి మూడు డబ్బాల వైప్స్ ఖాళీ చేస్తాను నేను.
తలుపు పిడులు, మంచం కడ్డీలు, టీవీ రిమోట్లు.
కళ్లజోళ్లు మాత్రం తుడవను.
ఒకసారి తుడిచాను. మెర్విన్ గారి అద్దాల మీద పూత
కుబుసంలా లేచిపోయింది.
నెలరోజులు ఆయన నన్ను మంచులోంచి చూశాడు.

డబ్బా మీద ఎర్రగా ఒక మంట బొమ్మ.
ఆరేళ్లుగా చూస్తున్నాను,
బస్సు టికెట్టు వెనక అచ్చును చూసినట్టు,
చూడకుండా.

ఫిబ్రవరి. బయట నలభై మూడు డిగ్రీలు.
వాల్మాయికి తొంభై ఒకటి నిండిన రోజు.
కేకు వస్తోందని హడావిడిగా బల్ల తుడిచాను,
ఒకటి చాలదని రెండో గుడ్డ,
నలిపి అక్కడే పడేసి
ప్లేట్ల కోసం వెనక్కి తిరిగాను.
మనవరాలు అగ్గిపుల్ల గీసింది.

మంట కనపడలేదు.
అందరికీ ముందు అదే చెప్తాను, మంట కనపడలేదు.
కిటికీలోంచి పడే ఎండలో
తారురోడ్డు మీద వణికినట్టు కాస్త గాలి వణికింది.
కాగితం నాప్‌కిన్ ఊరికే అంచు ముడుచుకుంది,
సిగ్గుపడ్డట్టు. తర్వాత నల్లబడింది.
వాల్మాయి ఊలు చొక్కా చెయ్యి
జానెడు దూరంలో ఉంది.

ఆవిణ్ణి కుర్చీతో సహా వెనక్కి లాగి
కేకు తెచ్చిన స్టీలు మూత బోర్లించాను.
అంతే. పాట మధ్యలో ఆగింది.
నా మణికట్టు మీద రూపాయి బిళ్ళంత బొబ్బ.
తడిగుడ్డతో గొంతు కొయ్యడమంటే
మా మేనత్త తిట్టే తిట్టనుకున్నాను ఇన్నాళ్లూ.

మేనేజరు గ్లెనిస్ ఫారం ముందు పెట్టింది.
ఎంతసేపు ఆగావు?
ఆగలేదు.
రాయి, అంది. రాశాను.

సాయంత్రం వాల్మాయి పిలిచింది.
పదహారేళ్లప్పుడు ద్రాక్షతోటలో పనిచేసిందట,
తీగల మీంచి కోసిన గుత్తుల్ని
కంచె వలల మీద పరిచేదట.
ఆరకుండా పెట్టెలో పోస్తే బూజు,
పరిచి మరిచిపోతే గులకరాళ్లు.
ఎంతసేపన్నది ద్రాక్ష చెప్పాలి పిల్లా, మనం కాదు.

మా భాషలో ఆరడం ఒక్కటే మాట, అన్నాను,
ఉతికిన చీరకీ, వెలిగించిన దీపానికీ.
తడి ఆరితే మంట పుట్టదు,
తడి ఆరకముందే పుట్టిందా,
ఇక మంటే ఆరాలి.
ఆవిడ చాలాసేపు ఆలోచించి
మీవాళ్లు మాటల దగ్గర పిసినారులు, అంది.

ఇప్పుడు కొత్తగా చేరిన టెవిటాకి నేర్పుతున్నాను.
మూత టప్పుమనాలి, లేకపోతే మందు ఎగిరిపోయి
ఉత్త గుడ్డ మిగులుతుంది,
తుడిచామన్న భ్రమ మిగులుతుంది.
కారు డిక్కీలో వదలొద్దు, ఈ ఊరి ఎండలో అసలొద్దు.
టోస్టరు పక్కన వద్దు, ఆక్సిజన్ పక్కన వద్దే వద్దు.
చూడ్డానికొచ్చిన మునిమనవళ్లు
మూతి తుడుచుకునే గుడ్డలనుకుంటారు, పై అరలో పెట్టు.
గ్లవ్స్ వేసుకో.
నా వేళ్ల కణుపులు చూడు,
నిమ్మకాయ పిండినప్పుడల్లా
ఏ పగులు ఎక్కడుందో పేరుపేరునా తెలుస్తుంది.

అన్నీ విని అతను అడిగాడు, మరి ఎంతసేపు ఆగాలి?
డబ్బా మీద రాసినంతసేపు. దీనికి ముప్పై అంకెలు.
నేను తెలుగులోనే లెక్కపెడతాను, పైకి.
వాడూ నేర్చుకున్నాడు,
పద్దెనిమిది దగ్గర నాలుక మడతపడుతుంది,
మళ్లీ ఒకటి నుంచి మొదలెడతాడు.
బల్ల ఇంకా బాగా ఆరుతుంది.

నిన్న అయిదో గదిలో
ఇద్దరం చేతులు కట్టుకుని నిలబడ్డాం,
తడి బల్ల ముందు, గుళ్లో తెర తీసేదాకా నిలబడ్డట్టు.
ఇరవై నాలుగు. ఇరవై అయిదు.
ఇరవై ఆరు దగ్గర నాకు నవ్వొచ్చింది.
లెక్కపెడుతున్నట్టు లేదు,
బల్లని బతిమాలుతున్నట్టుంది.
ఆరు, తల్లీ.
ఆరు.