ఐదో గేరు

మోకాలెత్తు కారు.
దిగాలంటే ముందు నేలకి చెయ్యి ఆనించాలి,
చాప మీంచి లేచినట్టు.

వాల్తేరు అప్‌లాండ్స్‌లో ఎవరిదో షెడ్డు ఖాళీ చేస్తూ
విరిగిన మంచాలతో, పావురాల రెట్టతో కలిపి
నాకు అమ్మేశారు.
పేరు స్ప్రైట్.
కూల్‌డ్రింకు కంపెనీదా అండీ, అని
టోల్‌గేటు కుర్రాడు వెళ్ళినప్పుడల్లా అడుగుతాడు.

ఊళ్ళో బుద్ధిమంతురాలే.
సిరిపురం దిగి, సముద్రాన్ని కుడిచేతి పక్కన పెట్టుకుని
భీమిలి దాకా కూనిరాగం తీస్తూ పోయేది.
హైవే ఎక్కితేనే గోల.
ఎనభై దాటిందా,
కుట్టుమిషను సూది కింద వేలు పడ్డట్టు కేక.
లారీ చక్రాల నట్లు
నా చెవి ఎత్తున తిరుగుతూ దాటిపోయేవి.

ముప్పై ఏళ్ళు పోర్టు సిగ్నల్ స్టేషన్‌లో కూర్చుని
ఓడలకి ఒకే మాట చెప్పాను.
నెమ్మది. ఇంకా నెమ్మది.
గ్రీకు కెప్టెనైనా, కొరియా కెప్టెనైనా
డాల్ఫిన్ నోస్ నీడలోకి వచ్చాక
నా గొంతు విని ఆరు నాట్లకి తగ్గాల్సిందే.
రిటైరైన మర్నాడు కాఫీ కలుపుతూ అనుకున్నాను,
ఇక ఎవర్నీ ఆపను,
నన్ను కూడా.

ఆటోనగర్‌లో లేత్ షెడ్డు. సన్నిబాబు.
బానెట్ ఎత్తలేదు, ముందు చెవి ఆనించాడు.
"అరస్తంది గానండి, పరిగెట్టడం లేదు.
నాలుగు మెట్ల నిచ్చెనేసి
మేడెక్కమంటే ఏటి సేస్తాది పాపం?"

తుక్కులోంచి జిప్సీ గేర్‌బాక్సు తెచ్చాడు, ఐదు గేర్లది.
ఇంగ్లండు ఇంజనుకీ జపాను పెట్టెకీ
ఒక్క బోల్టు రంధ్రం కలిస్తే ఒట్టు.
షిప్‌యార్డు వేలంలో కొన్న ఉక్కు పలక కోసి
పెళ్ళిళ్ళ పేరయ్యలా మధ్యన నిలబెట్టాడు.
పెట్టె పట్టాలంటే కారు నడుం కొయ్యాలి.
అరవై ఏళ్ళ రేకు.
గ్రైండర్ అరుపు వినలేక
టీ బడ్డీ దాకా పోయి
తాగని టీలు రెండు కొన్నాను.

ఇక తోలొచ్చా అంటే తాళాలివ్వడే.
ముందు చక్రాల డ్రమ్ములు విప్పి డిస్కులు బిగిస్తూ,
"పరుగు తరవాతండి.
ముందల ఆగడం నేర్పాల."
నవ్వొచ్చింది. ఎవరితో అంటున్నాడో!

మూడు వారాలన్నది ఐదు నెలలైంది.
చివరికి మిగిలింది గేరు నాబ్.
నల్లటి బేకలైటు గుండు మీద తెల్లగా నాలుగంకెలే,
ఐదుకి చోటే లేదు.
సన్నపాటి ఆకురాయితో ఓ మూల గీకి
గీతలో సున్నం నింపాడు: ౫
"అయిదేనండి. మా తాత పంచాంగంలో ఉండీది.
ఇంగిలీసు అయిదుకి వంకర్లెక్కువ.
ఇదైతే ఒక్క గీతలో ఎలిపోద్ది."

తెల్లారకుండా ఆనందపురం దగ్గర ఎక్కాను,
అనకాపల్లి వైపు.
నాలుగులో గొంతు చించుకుంటున్నది
ఐదులో పడగానే
ఎవరో భుజమ్మీద చెయ్యి వేసినట్టు ఊరుకుంది.
గాలి చప్పుడు ఇన్నాళ్ళకి వినిపించింది.
కొత్త పెట్టెతో పొత్తు కుదరని మైళ్ళ ముల్లు
యాభై దగ్గర కునుకు తీస్తోంది,
సీటు మీది ఫోను నూట పది అంటోంది.
నేను నా లెక్క వేసుకున్నాను:
అరవై నాట్లకి కొంచెం తక్కువ.

సబ్బవరం దాటాక ముందొక ట్రైలర్,
టార్పాలిన్ కింద ఓడ ప్రొపెల్లరు.
ఒక రెక్క బయటికొచ్చి పసుప్పచ్చగా మెరుస్తోంది.
సముద్రం లేని చోట ఎంత నెమ్మదో దానికి.
ఎవరూ చెప్పకుండానే నేనూ తగ్గాను.
కిలోమీటరో రెండో దాని వెనకే.
నోరు అలవాటుగా తెరుచుకుంది,
మాట రాలేదు.
చెయ్యి పోయి
సున్నం గీత మీద పడింది.

టోల్‌గేటు దగ్గర కుర్రాడు మళ్ళీ అడిగాడు.
ఈసారి అవునన్నాను.