నీడపట్టున

మొదటి బొమ్మ చెడిపోయింది.
తెర మీద మాలకొండమ్మ ఎడమ రొమ్ము
ఎండలో మరిచిన వెన్నముద్దలా అంచులు కరిగి,
దాని మీదుగా చారలు చారలు.
ఒకే గుండెకు ఐదారు నీడలు.

ఒంగోలు, కర్నూలు రోడ్డు, మేడ కింద గది.
బయట మే నెల.
లోపల యంత్రానికి చలి కావాలి, మనిషికి దుప్పటి కావాలి.

పొద్దున్నే టంగుటూరు నుంచి ఆటోలో వచ్చింది.
పుస్తెలతాడు తీయమంటే
కాగితంలో చుట్టి చెల్లెలి దోసిట్లో పెట్టింది.
ముక్కుపుడక రాలేదు.
పెట్టి ముప్పై ఏళ్లయిందంట.
సబ్బునీళ్లు, దారం, నా గోళ్లు...
చివరికి చిన్న నెత్తురు బొట్టుతో ఊడింది.
జాకెట్టు పిన్నీసులు నాలుగూ లెక్కపెట్టుకున్నాను.

బోర్లా పడుకో అమ్మా.
ఈ రెండు గుంటల్లోకి... ఆ, అట్టా వదిలెయ్.
మగాళ్లెవరూ రారు. తలుపు తాళం నా దగ్గరే ఉంది.
నుదురు ఈ మెత్త మీద.
ఇంక కదలగూడదు.

ఆమె కదల్లేదు. దగ్గింది.
ఇరవై రెండేళ్లు గ్రేడింగు షెడ్లో
పొగాకు దుమ్ము మింగిన దగ్గు,
నేను వద్దంటే ఆగేది కాదు.

"సరిపోతుందిలే" అన్న మాట
నాలుక చివరిదాకా వచ్చింది.
బయట బెంచీ మీద ఇంకా పదకొండు మంది.
పోయిన వానాకాలం ఇదే మాట అనేశాను
దర్శి నుంచి వచ్చిన ఒకామె బొమ్మకు.
ఎనిమిది నెలలకు ఆమె మళ్లీ వచ్చింది.
ఈసారి యంత్రం అక్కర్లేకపోయింది, చేతికే తగిలింది.
ఆ ఫైలు నెంబరు నాకు నోటికొచ్చు.

బల్ల బయటికి లాగాను.
సూదిమందు ఇంకా ఎక్కించలేదు, అదొక్కటి నయం.
మళ్లీ తీయాలమ్మా అన్నాను.
కొవ్వూ తెల్లగానే కనపడుతుంది, గడ్డా తెల్లగానే కనపడుతుంది,
ముందు కొవ్వు వెలుగును ఆర్పాలి, అప్పుడు మిగిలింది...
నాకే అర్థం కాకుండా చెబుతున్నాను.

మొహం తిప్పకుండానే అంది:
"మాకు తెలవదా అమ్మాయా.
ఎండలో పట్టుకుంటే అన్ని ఆకులూ బంగారమే.
నీడపట్టున చూడాల.
అప్పుడు మాడిందేదో మచ్చదేదో బయటపడద్ది.
మా మేస్త్రీ కిటికీకి గోనెపట్టా కట్టించేది అందుకే గదా."

వేడినీళ్లు తెప్పించాను.
దగ్గు సద్దుమణిగేదాకా
ఈ ఏడు వేలంలో ఏ రకం ఎంత పలికిందో చెప్పింది.
నేను పక్కల్లో గుడ్డలు మడిచి పెట్టాను, వత్తుకోకుండా, వదులవకుండా.
గుండె చారల్ని రొమ్ము మీద నుంచి పక్కకు మళ్లించాను.
అవి పోవు. గుండె ఉన్నన్నాళ్లూ ఉంటాయి.
ఎటు పడాలో మాత్రం నేను చెప్పగలను.
ఇప్పుడు చంక మీద పడతాయి, దానికి వేరే బొమ్మ,
ఇంకో ఐదు నిమిషాలు.
బయట ఎవరో తలుపు కొట్టారు. కొట్టుకోనీ.

కొవ్వు ఆరింది. మందు ఎక్కింది.
చీమకుర్తిలో రాయి కోసే రంపంలా యంత్రం అరిచినంతసేపూ
ఆ వీపు ఒక్కసారి ఎగరలేదు.
దగ్గును ఎక్కడ దాచుకుందో.

నల్లబడ్డ రొమ్ములో, పాలదారుల పక్కన,
పెసరగింజంత.
అంచులు గరుకు.
రెండో నిమిషానికి భగ్గున వెలిగి
ఐదో నిమిషానికి మసకబారింది.
అదేమిటో చెప్పే చదువు షంషాద్ మేడమ్‌ది, నాది కాదు.
నేను కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నాను, అంతే.

"బాగా వచ్చిందా?"
"బొమ్మ బాగా వచ్చిందమ్మా."

ఆ మొదటి మాటను ఎక్కడ నొక్కానో విన్నది.
ఆకుకీ ఆకుకీ తేడా పట్టే మనిషి.
పుస్తెలతాడు వేసుకుంది,
పిన్నీసులు నాలుగూ పెట్టుకుంది.
ముక్కుపుడక మాత్రం
"మళ్లీ తియ్యమంటారు గదా" అని
కొంగున ముడేసుకుంది.