రెండో రిమోటు

బ్రాడీపేట నాలుగో లైను, పదకొండో అడ్డరోడ్డు.
గళ్ల కాయితం మీద గీసిన ఊరు ఇది.
నాలుగు బై పదకొండు అంటే చాలు
ఆటోవాడు ఇంకేమీ అడగడు.
ఆ గడిలో నా షాపు. షట్టరు సగమే లేస్తుంది.

పొద్దున్నుంచీ పేర్లే కోశాను:
ఒక పళ్ల డాక్టరు, ఒక మిర్చి కమీషన్ కొట్టు,
పెళ్లి డబ్బాల మూతల మీద
ఎవరెవరివో మొదటి అక్షరాలు.
మూడింటికి ఇంతియాజ్ వచ్చాడు, ఫోనులో బొమ్మతో.
'అక్కా, ఇది చెక్కలో కావాలి.
ట్యాంకుల ఆట. ఇటుకలు ఇటుకల్లాగే ఉండాలి.'

బొమ్మని పెద్దది చేస్తే అంతా గళ్లే.
గోడ నాలుగు గళ్లు, నీళ్లు నాలుగు గళ్లు,
చెట్టైనా అంతే.
మా పేటని పైనుంచి చూసినట్టే ఉంది.

ప్లైవుడ్ పరిచి, ఫోకస్ సరిచూసి బటన్ నొక్కాను.
ఆవగింజంత నిప్పు
తలవంచుకుని నడవడం మొదలుపెట్టింది.
కాలిన చెక్క వాసన.
ఎక్కడో కింద, ముప్పై ఏళ్ల కింద,
వేడెక్కిన అడాప్టర్ వాసన.

ఆ ఎండాకాలం
మిషను అద్దెకు తెచ్చాడు ఫణన్న, వారానికి నలభై.
క్యాసెట్టు మీద తొమ్మిది వేల ఆటలని రాసుండేది.
లెక్కపెడితే పదకొండు.
మిగతావన్నీ పేరు మార్చుకున్న అవే.
అన్నకి ఒకటో రిమోటు, నాకు రెండోది.
నెలన్నర ఆడాను.
బొటనవేలు బొబ్బలెక్కితే కొబ్బరినూనె రాసుకుని ఆడాను.
పచ్చ ట్యాంకు నాదనీ
నేను తిప్పితేనే తిరుగుతుందనీ
పక్కవాటా సువార్తకి ఒట్టేసి చెప్పాను.
గెలిచినప్పుడల్లా అన్న
'భలే కాపలా కాశావే' అనేవాడు.

మిషను తిరిగిచ్చేసే రోజు వైర్లు చుడుతుంటే
నా వైరు చివర
టీవీ వెనక గోడ మేకుకి చుట్టి ఉంది.

ఏడవలేదు. అన్నం తిన్నాను.
సువార్తకి మాత్రం ఇప్పటికీ చెప్పలేదు.
ఏ బటన్ నొక్కినా ఒక్క క్షణం ఆగి చూస్తాను
అవతల ఏదైనా కదిలిందా అని.

సగం ఇటుకలయ్యాయి. కరెంటు పోయింది.
నిప్పు ఉన్నచోటే ఆరింది.
'సరిగ్గా ఇక్కడే పోయేదక్కా' నవ్వాడు ఇంతియాజ్,
'ఈ గోడ అవతలేముందో ఇప్పటికీ తెలీదు.'
కొత్త షీటు వేస్తానన్నాను. వద్దన్నాడు.
మసి ఉంది, తుడుస్తానుండు అనేలోపే
నోటి దగ్గర పెట్టుకుని ఉఫ్‌మని ఊదాడు
క్యాసెట్టుని ఊదినట్టు.
బిల్లు సగమే రాస్తే
మొత్తం డబ్బులూ బల్లమీద పెట్టి పోయాడు.

కరెంటొచ్చింది.
మిగిలిన చెక్కలో ఒక రిమోటు కోశాను.
కూడిక గుర్తులాంటి మీట, రెండు గుండ్రాలు,
మూరెడు వైరు.
వైరు చివర ఏం పెట్టాలో తోచక
మేకుకి తగిలించుకోవడానికి చిల్లు పెట్టాను.

ఫొటో తీసి అన్నకి పంపాను.
తెనాలిలో ఎరువుల కొట్టు, ఇది సీజను.
అయినా వెంటనే చూశాడు.
టైపింగ్ అని వచ్చింది. ఆగింది. మళ్లీ వచ్చింది.
నేను టీ తాగి వచ్చేదాకా వస్తూ పోతూనే ఉంది.

ఆఖరికి
ఒక బొటనవేలు పంపాడు.