మూడో ఆదివారం

స్టోన్‌హౌస్‌పేట మిల్లులో కాటా పట్టే మనిషి
ఇంటి లెక్క మాత్రం నా మీదికి తోసేశాడు.
వడ్ల షావుకారు ఇచ్చిన పోయినేటి డైరీలో
ఒకటో తేదీ రాత్రి గీతలు కొట్టుకున్నాం.
బాడుగ. పాలు. గ్యాసు. చిన్నోడి బడి ఆటో.
అత్తకు బీపీ మాత్రలు.
చీటీ డబ్బు తాకితే చెయ్యి విరగ్గొడతానన్నా.
చేపలు, నెలకు రెండుసార్లు.
ఆ ఒక్క గీత కింద మాలకొండయ్య
పొలం రాసిచ్చేవాడిలా సంతకం పెట్టాడు.

మొదటి వారం బొమ్మిడాయిలు.
రెండో వారం శీలావతి, తలకాయతో సహా.
మూడో వారానికి
బజార్లోకి మామిడికాయ దిగింది.

మైపాడు నుంచి తొలి బస్సుకొచ్చిన పోలమ్మ
సరిగ్గా మా వాకిట్లోనే గంప దించింది.
"వంజరం పాపా, ఇంకా కళ్ళు గూడా మూయలా!"
చేప ఎప్పుడు కళ్ళు మూసింది గనక!
తలుపు వెనక ఊపిరి బిగబట్టి
"ఇంట్లో లేరని చెప్పరా" అన్నాడీయన
చిన్నోడితో,
వీధి చివరికి వినబడేట్టు.
పోలమ్మ నగుతా గంపెత్తుకుంది.
"లేనోళ్ళకి ఒకటో తేదీ తెస్తాలే."

చింతపండు పిసికా, మెంతులు వేయించా,
పుల్లటి కాయ చెక్కుతో కోసేశా.
దాక నిండా ఎర్రగా పులుసు,
పక్కింటోళ్ళు తొంగిచూసే వాసన.
అందులో చేప ఒక్కటే లేదు.

చిన్నోడు గరిటె తిప్పి తిప్పి
అడుగుదాకా వెతికాడు.
నేను డైరీ వైపు చూశా.
మాలకొండయ్య ముద్ద కలిపి
వాడి నోటికందిస్తా అన్నాడు:
"నిదానంగా తినబ్బా,
ముల్లుంటాది."