తప్పు ముడి

పద్నాలుగు నోటు పుస్తకాలు.
మూడోదానికి చేపనూనె మరక,
తొమ్మిదోదాని అట్ట మీద ఎవరిదో టీ కప్పు అచ్చు.
గ్రిమ్స్‌బీ రేవులో మూడు చలికాలాలు తిరిగి
నేను రాసుకున్నదంతా
వలలల్లిన ఆడవాళ్ళ చేతుల గురించే.

ఇప్పుడు ఆ రాతంతా బొమ్మ కావాలి.
అరవై ఒక్క గంటలు
యాభై రెండు నిమిషాల్లో ఇమడాలి.
"ఇక్కడేం జరగడం లేదు, కోసేద్దాం"
అంటుంది ఎడిటింగ్ గదిలో టామ్సిన్.
నా పుస్తకంలో ఆ చోట ఇలా ఉంది:
మునిగిన పడవ పేరు అడిగాను. జవాబు లేదు. సూది మాత్రం ఆగలేదు.
కాగితం మీద మూడు చిన్న వాక్యాలు,
తెర మీద నాలుగు నిమిషాలు.
టామ్సిన్ పదకొండు సెకన్లిచ్చింది.
రైతుబజార్లో కొసరు వంకాయ అడిగినట్టు
బేరమాడి పంతొమ్మిది చేయించుకున్నాను.

ఓ ఆదివారం ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని
విన్నిఫ్రెడ్ స్టామర్స్ ఇంటికి వెళ్ళాను.
ఎనభై మూడేళ్ళ మనిషి, కళ్ళజోడు తుడుచుకుని కూర్చుంది.
తన ముఖం వస్తే పట్టించుకోలేదు.
కొక్కేనికి వేలాడుతున్న ఆయన కోటు వస్తే
"అది ఉతకనే లేదు" అంది.
తర్వాత చేతులొచ్చాయి, తెర నిండా.

"ఆపు. ఆ ముడి తప్పు."

"కెమెరా ఉందని కంగారు పడ్డానమ్మాయ్.
దారం కిందనుంచి రావాలి, పైనుంచి తెచ్చాను.
ఆ వల వేస్తే హాడక్ చేపలు నవ్వుకుంటూ పోతాయి."

పొయ్యి మీద కెటిల్ ఈల వేస్తోంది.
మా ఇద్దరిలో ఎవరమూ లేవలేదు.

నా నాలుగో అధ్యాయం మొత్తం ఆ ముడి మీదే ఉంది.
తల్లి చేతినుంచి కూతురి చేతికి దిగిన అరుదైన పద్ధతని
పదిహేడు పేజీలు, ఫుట్‌నోట్లు కాక.
ఇద్దరు ప్రొఫెసర్లు మెచ్చుకున్నారు కూడా.

ఇంటికొచ్చి మూడో పుస్తకం తీశాను.
నూనె మరక పక్కన నా పెన్సిలు బొమ్మ, వంకర టింకరగా.
అందులో దారం కిందనుంచే వస్తోంది.
బాణం గుర్తు కూడా పెట్టాను.
నా చెయ్యి చూసింది, నేనే నమ్మలేదు,
వీడియో ఉందిగా అనుకున్నాను.

మళ్ళీ తీద్దామా అని ఫోన్లో అడిగాను.
"ఇప్పుడు సూదిని నేను పట్టుకోలేను,
సూదే నన్ను పట్టుకోవాలి" అని నవ్వింది.

అందుకే సినిమాలో ఆ ముడి అలాగే ఉంది,
దాని మీద ఆమె గొంతు: ఆపు, ఆ ముడి తప్పు.
వెనక కెటిల్ ఈల తీసేద్దామంది టామ్సిన్.
వద్దన్నాను. ఈసారి బేరం లేదు.

రేవు పక్క హాల్లో మొదటిసారి వేసిన రాత్రి
ఆ చోటు రాగానే వెనక వరసల్లో
ముసలి చేతులు కొన్ని చీకట్లోకి లేచి
లేని దారాన్ని
కిందనుంచి తెచ్చాయి.

విన్నిఫ్రెడ్ అటు తిరిగి చూడలేదు.
క్రిస్ప్స్ పొట్లం విప్పలేక
నా చేతికిచ్చింది.