రేవు పంచె

ఏడు ఖాళీ సీసాలు, ఒక ఐసు పెట్టె,
చెవి మీద పెన్ను.
తాడిపత్రికి ఇవతల చిట్లవంకలో దిగితే
మోకాలి కిందికే నీళ్లు.
నా ఉద్యోగం ముంచడం, మూత బిగించడం,
చీటీ అంటించడం.
రుచి చూడడం నా ఉద్యోగం కాదు.

రేవు బండ మీద సుంకులమ్మ
తలెత్తకుండానే అడిగింది:
"ఆ సీసాలో వంక పడతాదా నాయనా?"
వంకంతా కాదు, ఒక లీటరే అన్నాను.
"లీటరంటే ఎన్ని సొక్కాలు?"

ఆమె దగ్గర ఒక పంచె ఉంది.
ఉతకమని ఇచ్చినాయన మళ్లీ రాలేదట,
కూలి ఇప్పటికీ బాకీ.
వానకొకసారి, పైరుకొకసారి
దాన్ని ఈ బండ మీదే ఉతికి
ఈ గట్టునే ఆరేస్తుంది.
మడత విప్పి నా చేతుల మీద పరిచింది.

"ఇదో, ఈ అంచు ఎర్రగుంది సూడు.
గుట్ట మీద బారెంక పొదలు కొట్టి
సెనక్కాయ ఏసిన ఏడు.
తొలివానకే గుట్ట దిగొచ్చింది నా రేవుకు.
నాలుగు నీళ్లు తీసినా ఇడవలే."

ఈ బూడిద రంగు మాత్రం బండల మిషన్లది.
రాయిని కోసిన నీళ్లు పాల మాదిరి వచ్చి
బట్ట మీద ఆరితే అట్ట.
"ఆ ఏడు ఉతికిన లంగా
నిలబెడితే నిలబడేది నాయనా,
లోపల మనిషి లేకుండానే!"
అప్పుడు నవ్వింది.

మా ఆఫీసులో దీన్ని టర్బిడిటీ అంటారు.
ఒక అంకె, ఒక చుక్క, ఇంకో రెండంకెలు.
ఎవరి ట్రాక్టరు, ఏ వాలు, ఏ తొలకరి
అని అడిగే గడి ఆ కాగితంలో లేదు.

వంక ఎగువకు నడిచాం.
చెప్పుల్లేని కాళ్లతో ఆమే ముందు.
ఒక మలుపులో జమ్ము, నడుమెత్తు.
దాని కింద నీళ్లలో
గులకరాళ్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు.
హుసేనప్ప గట్టు వెంట పది బారలు
దున్నకుండా వదిలేశాడట.
"మంచితనం అనుకునేవు!
రాయి తగిలి గొర్రు ఇరిగింది.
మళ్లీ సేయించల్యా."
విరిగిన గొర్రు చేసిన మేలుని
నాలుగో సీసాలో ముంచుకున్నాను.

"మరి ఈ పచ్చ?" అన్నాను.
పంచె నడుమ నాచు అద్దినట్టు ఒక మరక.
"అది సీనీ తోటలొచ్చినంక.
మూటలు మూటలు గుప్పుతారు గదా,
సెట్టు తిన్నంత తింటాది,
మిగిలింది వానెంట నాకొస్తాది.
బండకు జిగురు పడతాది.
పోయినేడు జారి పడితే
మూన్నెల్లు మంచం."

ఎవరి తోటలని నేను అడగలేదు.
ఆరో సీసా దాటాక ఒక కంచె.
దాని మీద వేలాడే డ్రిప్పు పైపు చుట్ట నాది.
పోయిన ఆదివారం మబ్బులోనే లేచి
డ్రమ్ములో యూరియా కలిపింది నేను,
వానొచ్చేలోపల అయిపోవాలని
కట్టెతో గబగబా తిప్పుతూ.
ఆ రాత్రే వాన.
ఇంటిల్లిపాదీ సంతోషించాం,
ఆకు మెరుస్తుందని.

సుంకులమ్మకు తెలుసో తెలియదో.
"ఏడోది ముంచుకోవా?" అంది.

వంగాను.
సీసా మెడలో గుటగుట, ఎవరో తాగుతున్నట్టు.
ఎత్తి ఎండకు పట్టి చూశాను.
తేటగా ఉంది.
గుట్ట ఎరుపు కనిపిస్తుంది, రాతి తెలుపు కనిపిస్తుంది,
నేను వేసింది కనిపించదు.

చీటీ మీద 'నమూనా తీసిన చోటు' దగ్గర
పెన్ను ఆగింది.
సిరా అయిపోయిందని విదిలించాను.
అయిపోలేదు.

సర్వే నంబరు వేశాను.
గడులు లేని అంచులో, చిన్న అక్షరాలతో:
చీనీ, నాలుగెకరాలు,
ఎరువు ఆదివారం,
వేసింది, ఈ నీళ్లు ముంచిన చెయ్యే.

వెనక్కి వచ్చేసరికి పొద్దు వాలింది.
పెన్నలో కలవడానికి ఈ వంకకు
ఇంకా ఆరు మైళ్లుంది.
ఆమె పంచె తడిపి పైకెత్తింది.
బండకు తగిలిన చప్పుడు
జీపు ఎక్కేదాకా వినిపించింది.